బొట్టు పెట్టి పిలిచిన పిట్టలు

మొన్న పొద్దున ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఒక పిల్ల హమ్మింగ్‌బర్డ్, బొటనవేలంత తేనెపిట్ట, వచ్చి నా ముక్కుకి జానెడు దూరంలో గాలిలో ఆగిపోయింది. ఈ ఏడు పుట్టిన పిల్లే. జులై నెలాఖరుకి అమెరికాలో మా క్యారీ ఊళ్ళో ఇవి గూళ్ళలోంచి కొత్తగా బయటపడతాయి. ఏది పువ్వో, ఏది మనిషో వాటికి తెలియదు. ఎర్రగా ఏది కనబడితే దాన్ని ముక్కుతో పొడిచి చూడటమే. నా ఖర్మకొద్దీ ఆ పూట ఎర్ర టీషర్ట్ వేసుకున్నాను. అది భుజం మీద ఒక పోటు, చేతి మీద ఒక పోటు పొడిచి, ఎక్కడా తేనె రాకపోయేసరికి నా మొహంలోకి చూసి కిచకిచా తిట్టడం మొదలుపెట్టింది.

"నిన్నెవరు పిలిచారే ఇక్కడికి?" అన్నాను గట్టిగా.

అనేసి నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. మా పక్కింటి ఆంటీది. ఆవిడ పోయిన చలికాలంలో పోయింది. పోయినావిడ మాట నా నోట్లోకి ఎప్పుడొచ్చి కూర్చుందో మరి. ఆ పిట్ట తిట్టినన్ని తిట్లు తిట్టి వెళ్ళిపోయింది. నేను మాత్రం కాఫీ చల్లారేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

ఆంటీకి అరవై దాటాయి. సన్నగా, పొట్టిగా ఉండేది. నుదుటి మీద బొట్టు మాత్రం రూపాయి బిళ్ళంత. తెనాలి వైపు మనిషి. ఎవరేం చెప్పినా ముందు ఒకటే ప్రశ్న వేసేది: "పిలిచారా?"

"ఆంటీ, ఆ చివరింట్లో ఆదివారం సత్యనారాయణ వ్రతమట. వెళ్తున్నారా?" అంటాను.

"పిలిచారా?"

"మొన్నే లింక్ పంపారు కదా ఆంటీ."

"లింకొచ్చింది. మనిషి రాలేదు."

అంతే, ఇక వెళ్ళేది కాదు. ప్రసాదం నేను తెచ్చిపెడితే కళ్ళకద్దుకుని తినేది. దేవుడి మీద కోపం లేదు, పిలవని వాళ్ళ మీదే కోపం. గుమ్మంలోకొచ్చి, మొహం చూసి, రమ్మని అడిగితేనే అది పిలుపు. మిగతావన్నీ ఆవిడ దృష్టిలో దండోరాలు.

ఈ సిద్ధాంతంతో అమెరికాలో ఆవిడ ముప్పై ఏళ్ళు ఎలా నెగ్గుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎన్నికలు వస్తే ఓటు వెయ్యడానికి వెళ్ళేది కాదు, పిలవలేదని. ఒక ఏడు ఎవరో అమ్మాయి ఎండలో పడి వచ్చి తలుపు కొట్టి, తమ అభ్యర్థికి ఓటు వెయ్యమని అడిగింది. ఆంటీ మురిసిపోయి మజ్జిగ ఇచ్చి పంపింది. మర్నాడు అవతలి అభ్యర్థి తరఫున ఇంకో అబ్బాయి వచ్చాడు. వాడికీ మజ్జిగ ఇచ్చింది. ఇక ఆ వారమంతా ఆవిడకి నిద్రలేదు. "ఇద్దరూ ఇంటికొచ్చి పిలిచారమ్మాయ్. ఒకళ్ళకి వేసి ఒకళ్ళకి వెయ్యకపోతే ఏం బాగుంటుంది?" అని నన్ను పట్టుకుని వేధించింది.

జ్యూరీ డ్యూటీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనంలో ఒకరిగా కూర్చోవడానికి, రమ్మని కోర్టు నుంచి కాగితం వచ్చినప్పుడు చూడాలి ఆవిడ సంబరం. ఈ దేశంలో ఆ కాగితం చూసి ఏడవని మనిషిని నేను చూడలేదు. ఆంటీ పట్టుచీర కట్టుకుంది. "కోర్టు వాళ్ళని చూసి నేర్చుకోవాలి. ఇంటిపేరుతో సహా రాసి పిలిచారు. మర్యాదంటే అది" అంది. దానికీ మనిషి రాలేదు కదా ఆంటీ అంటే, జడ్జిగారు పనులు మానుకుని ఎలా వస్తాడంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది. ఒక హాల్లో కూర్చోబెట్టి, మీ అవసరం లేదని పంపేశారట.

"పిలిచి, కూర్చోబెట్టి, భోజనం పెట్టకుండా పంపేశారమ్మాయ్!" అంది.

అలాంటి మనిషికి హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ కొనిచ్చిన పాపం నాదే. ఎర్ర మూత, దానికి నాలుగు ప్లాస్టిక్ పువ్వులు, ఒక్కో పువ్వు మధ్యన చిన్న బెజ్జం. అందులో పంచదార నీళ్ళు పోసి డెక్ మీద వేలాడదీస్తే చాలు.

"ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు, ఆంటీ. ఇంకేం కలపకూడదు. బెల్లం వద్దు, తేనె వద్దు, రంగు వద్దు" అని చెప్పాను.

"యాలక్కాయ?"

"వద్దు."

"పచ్చకర్పూరం చిటికెడు?"

"ఆంటీ!"

"సరేలే. ఇంటికొచ్చిన వాళ్ళకి చప్పిడి నీళ్ళిచ్చి పంపిద్దాం" అని మూతి తిప్పుకుంది.

ఫీడర్ కట్టాక లోపలికెళ్ళి కుంకుమభరిణె తెచ్చింది. నాలుగు ప్లాస్టిక్ పువ్వుల పక్కనా నాలుగు బొట్లు పెట్టింది. పెట్టి, వెనక ఉన్న చెట్ల వైపు తిరిగి, "అమ్మా, అందరూ సకుటుంబంగా రావాలి. మొహమాటపడకండి" అంది.

"పిట్టలకి బొట్టేంటి ఆంటీ?"

"పిలవకుండా వచ్చి తాగితే దొంగతనం అవుతుంది. పాపం వాటికా పేరెందుకు?"

మర్నాడు పొద్దున్నే ఒక పిట్ట వచ్చింది. ఆంటీ నన్ను కేకేసి మరీ చూపించింది. ఫీడరే ఎర్రగా ఉంది కాబట్టి వచ్చింది, బొట్టు పెట్టకపోయినా వచ్చేదని చెప్పి చూశాను. "ఎరుపు చూసి వచ్చిందంటావు. బొట్టేమైనా నీలంగా ఉంటుందా?" అంది.

పెద్ద పిట్టలు బుద్ధిగా తాగి వెళ్ళేవి. అసలు తమాషా అంతా పిల్లలదే. వాటిలో ఒక మగపిల్ల ఉండేది. పెద్ద మగపిట్టలకుండే మెడ మీది ఎరుపు దానికింకా నిండలేదు, అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. అది నాలుగు పువ్వులూ తనవేనని పక్క కొమ్మ మీద కూర్చుని కాపలా కాసేది. ఇంకో పిల్ల దరిదాపులకొస్తే బాణంలా వచ్చి తరిమేది. నా ఆఫీసు కష్టాలు రోజూ వినేది కాబట్టి ఆంటీ దానికి మేనేజర్ అని పేరు పెట్టింది. "నువ్వు తాగవు, ఇంకోళ్ళని తాగనివ్వవు! పంక్తిలో కూర్చున్నాక పక్క విస్తట్లో చెయ్యి పెట్టడమేంట్రా!" అని పెళ్ళిలో వడ్డన చేయించే మనిషిలా అరుస్తుండేది. ఒకసారి నేను మీటింగ్‌లో మాట్లాడుతుండగా, "ఆ మేనేజర్‌గాడిని చీపురు తిరగేసి కొట్టాలి!" అన్న కేక నా మైకులోంచి అందరికీ చేరింది. మా టీమ్‌లో ఒక వరంగల్ కుర్రాడున్నాడు. వాడు నవ్వాపుకోలేక వీడియో కట్టేశాడు. అసలు మేనేజర్ అంతా బాగానే ఉందా అని అడిగితే, పక్షులండీ అని చెప్పాను.

ఒక్కోసారి పిల్లల్లో ఏదో ఒకటి ఆంటీ బొట్టు చూసి పువ్వనుకుని నుదుటి ముందుకొచ్చి నిలబడేది. ఆవిడ ఊపిరి బిగబట్టి, కళ్ళు రెండూ ముక్కు మీదికి తెచ్చి, పెదవులు కదపకుండా, "ఫోటో, ఫోటో" అనేది. నా ఫోన్ నిండా ఇప్పటికీ అవే ఫోటోలు. ఒక్కదాంట్లోనూ పిట్ట సరిగా పడలేదు. మెల్లకన్నుతో ఆంటీ మాత్రం బ్రహ్మాండంగా పడింది.

ఇక ఆవిడ గుండెల్లో ముల్లు సంగతి చెప్పాలి. ఆంటీ పెరడూ, ఆవిడ సొంత తమ్ముడి పెరడూ వీపులానించుకుని ఉంటాయి. మధ్యలో రొమ్మెత్తు చెక్క ఫెన్స్. నా డెక్ మీంచి రెండూ కనబడతాయి. అక్క దగ్గర ఉండాలని తమ్ముడు ఏరికోరి ఆ ఇల్లు కొన్నాడు. కొన్నాడు గానీ, గృహప్రవేశానికి ఆయన భార్య, అంటే ఆంటీ మరదలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరితో పాటు ఇన్విటేషన్ పెట్టేసింది. ఆంటీ ఆ రోజు పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, ఎవరో ఒకరు వచ్చి రమ్మంటారని డెక్ మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. అవతల కిటికీల్లోంచి పూజంతా కనబడుతూనే ఉంది. హోమం పొగ ఇటే వచ్చింది. సాయంత్రానికి చీర మార్చుకుంది. ఆ తర్వాత ఏడేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు.

మరదలు వరంగల్ మనిషి. మంచిదే, నోరు కాస్త పెద్దది. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో ఆవిడ కరివేపాకు ఏరుకుంటుంటే, ఆంటీని ఎందుకు పిలవలేదని అడిగేశాను.

"మా ఇంట్ల ఆడిబిడ్డను ఎవరన్న పిలుస్తరా?" అంది ఆవిడ. "ఆమె తమ్ముని ఇల్లు, ఆమె ఇల్లే గదా. పరాయోళ్ళను పిలుస్తం, ఇంటోళ్ళను పిలుస్తమా? పూజ ఆపుకుని గంటసేపు ఆమె కోసం చూసిన నేను. ఆమె ఆడ కూసుని నన్ను చూస్తాంది, నేనీడ నిలబడి ఆమెను చూస్తాన్న. రాలే. నలుగుర్ల నా తలకాయ తీసేసినట్టయింది."

చెప్తూ చెప్తూ కరివేపాకు రెబ్బలన్నీ తుంచేసింది. ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చమంటే నావల్ల కాదు. ఇద్దరినీ కలిపి మొట్టాలనిపించేది.

ఆంటీ ఫీడర్ కట్టిన నెలలోనే మరదలూ ఒకటి కట్టింది. పిట్టలకి ఫెన్స్ లెక్కేముంది? ఇక్కడ రెండు గుక్కలు, అక్కడ రెండు గుక్కలు తాగి తిరిగేవి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఇద్దరూ పిట్టలతో మొదలుపెట్టారు.

"ఏమే పిల్లదానా, అవతల తాగొచ్చావా?" ఆంటీ గొంతు రెండు పెరళ్ళ అవతలికి వినబడేది. "తాగు, తాగు. వాళ్ళు నీళ్ళు కలపరు, పాకం పడతారు. రేపు షుగరొస్తే నా దగ్గరికి రాకు."

"తాగు బిడ్డా, కడుపునిండ తాగు," అవతలి నుంచి జవాబు. "మా ఇంట్ల కొల్చి పొయ్యరు."

రెండేళ్ళు తిరిగేసరికి ఆ రెండు కుటుంబాల వార్తలన్నీ పిట్టల మీదే నడిచాయి. "పిట్టా, ఆ ఇంటాయన రాత్రంతా దగ్గుతున్నాడు. మిరియాల కషాయం తాగమని చెప్పు" అంటుంది ఆంటీ. "తాగిండని చెప్పు బిడ్డా. తాగి, చేదున్నదని నన్నే తిట్టిండని గూడ చెప్పు" అంటుంది మరదలు. ఆ తమ్ముడు, పాపం, మధ్యలో గడ్డి కోస్తూ ఉండేవాడు. ఆంటీ కొడుక్కి డాలస్‌లో పెళ్ళి కుదిరిన సంగతి కూడా మొదట ఒక పిల్ల హమ్మింగ్‌బర్డ్‌కే తెలిసింది. చలికాలం వస్తే మాత్రం పిట్టలు దక్షిణానికి వెళ్ళిపోయేవి. ఏప్రిల్ దాకా రెండు ఇళ్ళ మధ్యా ఒక్క మాట ఉండేది కాదు.

పోయినేడు శ్రావణమాసంలో నేనే మరదలి దగ్గరికెళ్ళి బతిమాలాను. అప్పటికి ఆంటీ గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పేశారు. "ఊరికే పొయ్యి పిలిస్తె తప్పు నాదన్నట్టు గాదా?" అని మొదట బిగుసుకుంది. వరలక్ష్మీ వ్రతం పేరంటానికని పిలవండి, అందులో తప్పొప్పులేమున్నాయి అన్నాను. చివరికి ఒప్పుకుంది. పట్టుచీర కట్టుకుని, కుంకుమభరిణె పట్టుకుని, కారులో కాలనీ అంతా చుట్టి ఆంటీ ఇంటి ముందు గుమ్మం దగ్గరికొచ్చి బెల్ కొట్టింది.

ఆ సమయానికి ఆంటీ వెనక డెక్ మీద మేనేజర్‌కి బుద్ధి చెబుతోంది. ఆంటీ వాళ్ళాయన, అంకుల్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ డిబేట్ చూస్తున్నాడు. ఇల్లు కూలినా ఆయనకి వినబడదు. మరదలు అరగంట నిలబడింది. కావాలనే తలుపు తీయట్లేదనుకుంది. ఆ బెల్‌కి కొడుకు డాలస్ నుంచి పెట్టించిన కెమెరా ఉంది. దాని వైపు తిరిగి, "వదినా, నువ్వు లోపట్నే ఉన్నవు, నాకు తెలుసు. సాయంత్రం పేరంటానికి రా" అని, కెమెరా అద్దానికే ఇంత బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు గొడవ. పిల్ల పిట్ట ఒకటి ఆ ఎర్ర అద్దాన్ని పువ్వనుకుంది. అది వచ్చినప్పుడల్లా మీ గుమ్మంలో ఎవరో ఉన్నారని డాలస్‌లో కొడుకు ఫోన్ మోగుతుంది. తెరిచి చూస్తే అంతా ఎర్రటి ఎరుపు. ఆ అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. వణికిపోతూ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఫ్రంట్ డోర్‌కి ఏం అయింది? మొత్తం రెడ్ ఉంది! ఎవరికైనా బ్లడ్ వచ్చిందా? నైన్ వన్ వన్‌కి కాల్ చేస్తున్నాను!"

ఆంటీ వాణ్ణి ఎలాగో ఆపి, పొద్దుటి వీడియో తన ఫోన్‌కి పంపించుకుని అంతా చూసింది. నేనూ పక్కనే ఉన్నాను. చూస్తున్నప్పుడు ఆవిడ మొహం ఒక్క క్షణం వికసించింది. మరుక్షణం ముడుచుకుపోయింది.

"నాకు పెట్టిందా, గంటకి పెట్టిందా?" అంది.

"మీకే ఆంటీ. వదినా అంటోంది కదా."

"గంటకి పెట్టింది. అయితే ఆ గంటనే పంపిస్తాను పేరంటానికి!"

వెళ్ళలేదు. అవతల మరదలు ఆవిడ కోసం వాయనం విడిగా తీసి ఉంచి, దీపాలు పెట్టేదాకా చూసింది. ఆఖరికి ఆ శనగలూ నాకే ఇచ్చేసింది. నేను వాటిని తాలింపు వేసుకుని, ఇద్దరినీ తిట్టుకుంటూ తిన్నాను.

ఆ మర్నాడు డెక్ మీద ఆంటీని నిలదీశాను. ఒళ్ళు మండిపోయి ఉంది నాకు.

"మీరే వెళ్తే ఏం పోతుంది ఆంటీ? సొంత తమ్ముడి ఇల్లే కదా?"

ఆవిడ ఫీడర్ కడుగుతోంది. బెజ్జాల్లో చిన్న బ్రష్ పెట్టి ఒక్కొక్కటే తోమింది.

"వెళ్ళొచ్చు" అంది. "వెళ్ళి గుమ్మంలో నిలబడాలిగా. ఎందుకొచ్చిందా అని వాళ్ళు ఒక్క చిటికె సేపు చూస్తారు చూడూ, ఆ చూపంటే నాకు చచ్చేంత భయం. నేను పోతే అది పరుగెత్తుకొస్తుంది, చూస్తూండు. చావుకి పిలుపులుండవు. వచ్చి ఏడుస్తుంది కూడా. ఆ రాకపోకలు నేనేం చేసుకోను? నా కళ్ళు తెరిచుండగా, నా మొహం చూసి, ఒక్కసారి రా అనాలి. అంతకంటే నాకేం వద్దు."

మేనేజర్ వచ్చి, ఖాళీ ఫీడర్ చూసి, ఆవిడ చెవి దగ్గర గోల పెట్టింది. ఆవిడ ఉండరా వస్తున్నా అని లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చింది.

సెప్టెంబరులో ఒక పొద్దున నేను లాప్‌టాప్ తెరుస్తుండగా వెనక పెరట్లోంచి పెద్ద కేక వినబడింది.

"వదినా! వదినా, రా! జల్ది రా! పిట్ట ఇంట్ల దూరింది, సచ్చేటట్టున్నది!"

ఆంటీ నైటీలో ఉంది, ఈనెల చీపురుతో డెక్ ఊడుస్తోంది. నేను పరుగెత్తి కారు తీస్తానన్నాను. కాలనీ చుట్టి వెళ్ళేసరికి అది బతకదంది. ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి ఫెన్స్‌కి ఆనించి ఎక్కేసింది.

"ఆంటీ! డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నాడు!"

"మెట్లెక్కొద్దన్నాడు. ఫెన్స్ గురించి చెప్పలేదు."

ఒక కాలు అటు వేసింది. అక్కడ నైటీ అంచు పలకకి పట్టుకుంది. ఇటు నేను కాలు పట్టుకుని తోస్తున్నాను, అటు మరదలు చెయ్యి పట్టుకుని లాగుతోంది. చీపురు మాత్రం వదల్లేదు. అలా ఫెన్స్ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ఆంటీ ఆగిపోయింది. మరదలి వైపు చూసింది.

"ఇందాక రా అన్నావు. పిట్టతో అన్నావా, నాతో అన్నావా?"

"లోపట పిట్ట సస్తాంది వదినా!"

"అడిగినదానికి చెప్పు."

"నీతోనే అన్న! నిన్నే పిలిచిన!"

"మళ్ళీ పిలువు."

"ఆంటీ, నా చేతులు పడిపోతున్నాయి!" అని నేను అరుస్తున్నాను.

మరదలు పట్టుకున్న చెయ్యి వదిలింది. రెండు చేతులూ పైకి చాపి, "వదినా, మా ఇంటికి రా" అంది నెమ్మదిగా.

ఆంటీ అటు దిగింది, వెనకే నేనూ దూకాను. నైటీ అంచు ఫెన్స్ మీదే ఉండిపోయింది.

వాళ్ళ హాలు రెండంతస్తుల ఎత్తు. పిట్ట పిల్ల పైకప్పు దగ్గర గిరగిరా కొట్టుకుంటోంది. భయపడితే వీటికి పైకెగరడమే తెలుసు, గుమ్మం కిందుందని తోచదు. తలుపులన్నీ బార్లా తెరిచాం, లైట్లు ఆర్పేశాం. అయినా దిగలేదు. ఆంటీ చీపురు పట్టుకుని మెట్లు కూడా ఎక్కేసింది. పై వరండా కటకటాల మీంచి చీపురు చాపి, కదలకుండా నిలబడింది. ఎంతసేపటికో ఆ పిల్ల అలిసిపోయి వచ్చి ఒక ఈనె మీద కూర్చుంది. దాని గుండె కొట్టుకోవడం మాకు కింది నుంచి కూడా కనబడింది.

ఇక చూడాలి ఆ ఊరేగింపు. చీపురెత్తి పట్టుకుని ఆంటీ ఒక్కో మెట్టే దిగుతోంది. ముందు మరదలు వెనక్కి వెనక్కి నడుస్తూ దారిలో చెప్పులూ కుర్చీలూ కాలితో తోసేస్తోంది. తమ్ముడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వెనక నేను. బయటికి రాగానే పిట్ట ఒకసారి రెక్కలు దులుపుకుని, రెట్ట వేసి, నేరుగా మరదలి ఫీడర్ మీదికెళ్ళింది.

"ఇంత చేస్తే మా ఇంటికి వెళ్ళదేం!" అంది ఆంటీ.

మరదలు కాఫీ పెట్టింది. ఆంటీ చినిగిన నైటీతోనే ఆ ఇల్లంతా తిరిగి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు, "పూజగది బాగా కుదిరింది" అంది. తమ్ముడు గబగబా బయటికెళ్ళిపోయాడు, గడ్డికోత యంత్రం చూసుకోవాలని. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగి ఆంటీ మాత్రం తన మాట చెప్పేసింది.

"ఇది లెక్కలోకి రాదు. పిట్ట కోసం పిలిచావు, నా కోసం కాదు."

"సరే వదినా" అంది మరదలు.

మర్నాడు పొద్దున అదే వేళకి కేక. "వదినా, రా! పిట్ట దూరింది!" ఆంటీ చీపురు పుచ్చుకుని పరుగెత్తింది. ఏదే అంటే, ఇప్పుడే పోయింది కూసో, కాఫీ పెడ్త అందట. ఆ మర్నాడూ దూరింది. తమ్ముడు ఆ వారమే ఫెన్స్ పలకలు ఊడదీసి చిన్న తలుపు పెట్టాడు. కాలనీ సంఘం వాళ్ళొచ్చి అడిగితే పక్షుల కోసమని చెప్పాడు.

అక్టోబరులో పిల్ల పిట్టలు కూడా వెళ్ళిపోయాయి. వాటి తల్లులు ముందే వెళ్తాయి, ఇవి దారి చూపేవాళ్ళు లేకుండా ఒంటరిగా సముద్రాలు దాటతాయి. మరదలి కేకలు మాత్రం ఆగలేదు. నవంబరులో మంచు గడ్డకట్టిన గడ్డి మీద శాలువా కప్పుకుని, చీపురు పట్టుకుని ఆంటీ వెళ్తుంటే ఉండబట్టలేక అన్నాను.

"ఆంటీ, ఇప్పుడు ఈ ఊళ్ళో ఒక్క హమ్మింగ్‌బర్డ్ కూడా లేదు."

"పిలిచిన వాళ్ళ మాట కాదనకూడదమ్మాయ్" అంది.

జనవరిలో ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. ఇక చేసేదేమీ లేదన్నారు. వెనక కిటికీ పక్కన మంచం వేశారు. మర్నాడు పొద్దున నేను పక్కన కూర్చుని ఉండగా ఎప్పటిలాగే కేక వినబడింది. "వదినా, పిట్ట దూరింది!" ఆంటీ లేవబోయింది, లేవలేకపోయింది. కాసేపటికి మళ్ళీ కేక. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఫెన్స్ తలుపు దగ్గర మరదలు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని చలిలో నిలబడి ఉంది. ఒక అడుగు ఇటు వేస్తుంది, మళ్ళీ వెనక్కి తీస్తుంది.

"వచ్చిందా?" అంది ఆంటీ.

"తలుపు దగ్గరే నిలబడ్డారు ఆంటీ. లోపలికి రావట్లేదు."

ఆవిడ పైకప్పు వైపు తిరిగి పడుకుంది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఎలా వస్తుంది? నేనెప్పుడు పిలిచాను దాన్ని?" అంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి పిలిచానా? ఆ కిటికీ తియ్యమ్మాయ్."

నేను పిలుచుకొస్తానన్నాను. వినలేదు. కిటికీ తీశాను. చల్లగాలి కొట్టింది. ఆవిడ మోచేతి మీద కాస్త లేచి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని కేకేసింది.

"ఏమే! రా! మా ఇంట్లో పిట్ట దూరింది!"

మరదలు ఫ్లాస్కు అక్కడే గడ్డిలో పడేసి, వెనక్కి, వాళ్ళింట్లోకి పరుగెత్తింది. నాకు అర్థం కాలేదు. చీపురు తెచ్చుకోవడానికట. చీపురు పట్టుకుని, చెప్పుల్లేకుండా, రొప్పుతూ మంచం దగ్గరికొచ్చి పైకప్పుకేసి చూసింది.

"ఏది వదినా?"

ఆంటీ చెయ్యెత్తలేక కళ్ళతో చూపించింది. "ఆ మూల."

మరదలు ఆ మూలకే చాలాసేపు చూసింది. అక్కడ పొగ అలారం తప్ప ఏమీ లేదు.

"అవునొదినా, ఉన్నది. మస్తు బెదిరింది" అంది.

"దింపుతావా?"

"దానంతట అదే దిగుతది. అది దిగేదాక నేను ఈడనే కూసుంట" అని, చీపురు ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది.